వేసినవాడే తీయాలి

చుట్టు 7204. వెలుగు పూట.

తిత్తి వీపు మీద పులుపు బాగా పట్టింది. ఉత్తరం వైపు తుడిచాం. మాసికలు రెండు వేశాం. ఒకటి కొత్తది, ఒకటి పాత మాసిక మీదే ఇంకో మాసిక. గాలి మామూలు. పనిచేసినవాళ్ళు: షేక్ బాజీ, యలమంద.

పైపని చిట్టాలో రాయవలసింది ఇంతవరకే. తరువాతి జత పై రెండు వరసలు చూసుకుని వెళ్ళిపోతుంది. కింద ఏం రాసినా చదివే ఓపిక ఎవరికీ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నోటితో చెప్పుకుందామంటే మొహం చెల్లడం లేదు.

నిన్న ఆటలో అందరినీ నవ్వించాను.

తిత్తి కింద మబ్బుల్లో తేలే మా మబ్బుపాలెంలో ఆట అంటే ఒకటే ఆట. గాలి మమ్మల్ని ఈ వేగుచుక్క గ్రహం చుట్టూ ఒక చుట్టు తిప్పి తెచ్చేసరికి ఊరంతా వంటశాలలో ఆటబట్ట పరుచుకుని కూర్చుంటాం. వంతు వచ్చినవాళ్ళు ఒక కట్టు, అంటే కట్టుబాటు, చెబుతారు. సగానికి పైగా చేతులు లేస్తే అది ఊరి కట్టు అయిపోతుంది, చెప్పినవాళ్ళ గడిలో చింతగింజలు పడతాయి. గడి నిండినవాళ్ళు పండినట్టు. వాళ్ళు పండితే ఆ ఆట ముగుస్తుంది, తరువాతి ఆట వాళ్ళ పేరున నడుస్తుంది. ఇప్పుడు నడుస్తున్నది దావీదు ఆట. దావీదు పులుపులోంచి, అంటే మబ్బుల ఆమ్లంలోంచి, నీళ్ళు పిండే మర దగ్గర ఉంటాడు. ఏ మాటైనా ‘నా ఆటలో’ అనే మొదలుపెడతాడు. తరువాతిది యలమంద ఆట కావాలని నాకు మహా కోరిక. నా గడి నిండడానికి ఇంకొక్క కట్టు చాలు. మస్తాన్‌బీ వదినకూ ఒక్కటే చాలు.

వదినంటే బాజీ అన్న భార్య. బాజీ అన్న నా తాడు జత. నాకు మీసాలు మొలిచిన కొత్తలోంచీ ఇద్దరం ఒకే తాడుకు కట్టుకుని పైకెక్కుతున్నాం.

నిన్న వంతు వదినది. లేచి, కొంగు సర్దుకుని చెప్పింది. “పైకి పోవాలంటే బయంగా ఉందని ఎవురన్నా అంటే, వాళ్ళకి లోపలి పని ఇయ్యాల. ఎందుకని అడగగూడదు.” అంతే. ఎవరి కోసమో చెప్పలేదు.

చేతులు లేవడం మొదలైంది. నేను ఆమె గడి వంక చూశాను. ఈ కట్టు నిలిస్తే ఆమె పండుతుంది. నా అడ్డుగవ్వ తీసి బట్ట నడిమధ్యన పెట్టాను.

మనిషికి ఆటకొక్క గవ్వ. ఊరంతా ఔనన్నా ఒక్కరు గవ్వ పెడితే ఆ మాట అక్కడ పడుకుంటుంది. పెట్టినవాళ్ళు కారణం చెప్పాలి. నేను చెప్పాను. “బయానికి సెలవిస్తే రేపు బద్ధకం వచ్చి వరసలో నిలబడుద్ది. ఎల్లుండి నిద్ర. ఇంక తిత్తి తుడిచేది ఎవురు, దావీదా?”

పొయ్యి దగ్గరున్నవాళ్ళు కూడా నవ్వారు. దావీదు కళ్ళు తుడుచుకున్నాడు. వదిన “సరేలే యలమందా” అని కూర్చుంది. బాజీ అన్న కూడా నవ్వాడు, అందరికన్నా చివర.

ఇవాళ వీపు మీద ఉన్నంతసేపూ ఆయన బాగానే ఉన్నాడు. తిత్తి అడుగున బొజ్జ వైపు దిగేచోట, కింద మబ్బు తప్ప ఇంకేమీ కనబడని చోట, వెన్నుతాడు పట్టుకుని కూర్చుండిపోయాడు. “కాసేపు ఆగు యలమందా, తొడుగులో చెమట పట్టింది” అన్నాడు. మా ఇద్దరి మధ్య జతతాడు బిగిసి ఉంది. గాలికైతే తాడు ఊగుతుంది. ఇది వణుకుతోంది.

వదిన ఎవరి కోసం అడిగిందో అప్పుడు తెలిసింది నాకు. బొజ్జ వైపు నేనొక్కణ్ణే దిగి తుడిచి వచ్చాను.

చుట్టు 7205. వెలుగు పూట.

పులుపు తక్కువ. దక్షిణం వైపు తుడిచాం. పనిచేసినవాళ్ళు: ఇద్దరి పేర్లూ రాశాను. చేసింది ఎవరన్నది ఎవరూ అడగరు.

పని దిగాక వాళ్ళింటికి వెళ్ళాను. తప్పైపోయిందని చెబుదామనే వెళ్ళాను. అన్న పిల్లల దగ్గరికి పాఠం చెప్పడానికి పోయాడట. వదిన జొన్నరొట్టె, చిక్కుడాకు పచ్చడి పెట్టింది. “పచ్చడి బాగుంది వదినా” అన్నాను. “ఇంకొంచెం ఎయ్యనా?” అంది. మూడుసార్లు వేయించుకున్నాను. నోటినిండా పచ్చడి ఉంటే ఇంకో మాట అక్కర్లేదు.

చివరికి ఆమే తీసింది మాట. “ఆయన పడుకోడం నువ్వెప్పుడన్నా చూశావా? మంచం పట్టె పట్టుకోని పడుకుంటాడు. మొన్న నేను చెయ్యి ఇడిపిచ్చబోతే నా చెయ్యి పట్టుకోని, తాడు లాగు యలమందా, తాడు లాగు అన్నాడు.”

అది నాకు తెలిసిన సంగతే. కొన్నాళ్ళ కిందట బొజ్జ కుట్టు ఒకటి ఊడి, అన్న కాళ్ళ కింద పొర జారిపోయింది. జతతాడు పొడవునా గాలిలో వేలాడాడు. నేను లాగాను. పైకొచ్చాక ఇద్దరం వెల్లకిలా పడి పిచ్చిగా నవ్వాం. కింద నేల ఉందంటారు, ఎవరూ చూడలేదు. పడినవాడు దాన్ని చేరేలోపే ఉడికిపోతాడు.

ఆ సంగతి ఊరంతటికీ కథగా చెప్పింది నేనే. ‘బాజన్న గాల్లో ఈత’ అని పేరు పెట్టాను. చేతులూ కాళ్ళూ ఆడించి మరీ చూపించేవాణ్ణి. పెళ్ళిళ్ళలో అడిగి చెప్పించుకునేవాళ్ళు. ఆ కథ చెబుతున్నప్పుడల్లా అన్న ఏం చేసేవాడో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు. నేను ఎప్పుడూ నవ్వేవాళ్ళ వైపే చూశాను.

“ఎవురికీ చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నాడు. అందుకే పేరు లేకుండా అడిగా. నీకు తెలిసే ఉంటదిలే అనుకున్నా, ఒక తాడుమీదోళ్ళు గదా” అంది వదిన. తప్పు పట్టినట్టు అనలేదు. తప్పు పడితే బాగుండేది.

క్షమించమని నేను అడగలేదు. పళ్ళెం కడిగి పెట్టి వచ్చాను.

చుట్టు 7206. వెలుగు పూట.

మాసికలు మూడు. గాలి ఎక్కువ, బొజ్జ వైపు పోలేదు. గాలికి దణ్ణం పెట్టుకున్నాను.

పైకి పోనని అన్న ఊరికే అనడానికి లేదు. జ్వరమో, విరిగిన ఎముకో ఉంటేనే వైద్యం చూసే ఆవిడ చీటీ ఇస్తుంది. చీటీ లేకుండా మానేస్తే ఇంటిల్లిపాదికీ ఆ చుట్టు స్నానపు నీళ్ళు బంద్. అదీ ఒక కట్టే, తెచ్చింది నేనే. గింజలు బాగా వచ్చాయి. జతలో ఒకరికి చీటీ వస్తే మాత్రం రెండోవాళ్ళూ లోపలే ఉంటారు. ఒంటరిగా ఎవరూ పైకెక్కకూడదు. పోయిన ఏడు నాకు జ్వరమొస్తే అన్న నా మంచం పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు ఆలోచిస్తే, ఆయన అంత హాయిగా ఉండగా చూసింది ఆ మూడు పూటలే.

అడ్డు పడిన మాట ఈ ఆటా, వచ్చే ఆటా పండేదాకా లేవదు. అంటే ఏళ్ళు. లేవాలంటే ఒకటే దారి. గవ్వ పెట్టినవాడే నడుమకు వచ్చి, తన చేత్తో తీసి, ‘నా అడ్డు తప్పు’ అనాలి. ఎందుకు పెట్టాడో ఉన్నదున్నట్టు చెప్పాలి. గింజలన్నీ బుట్టలో పోసి, ఆట ముగిసేదాకా వంటశాల గట్టు మీద నోరు మూసుకు కూర్చోవాలి. నా ఎరుకలో ఎవరూ ఆ పని చేయలేదు. అడ్డును ఆషామాషీగా వేయకుండా ఉంటారని పెద్దవాళ్ళు పెట్టారట. వేయడం మానలేదు, తీయడం మానారు.

నోరు మూసుకోవడం గురించి నాకు బెంగ లేదు. కాదు, ఉంది. కానీ అసలు బెంగ ఆ నిలబడడం.

అందుకని తుడుస్తూ తుడుస్తూ ఒక ఉపాయం ఆలోచించాను. అడ్డుల మీదే ఒక కట్టు తెస్తాను. ఏ అడ్డయినా మూడు చుట్టులు గడిచాక, ఊళ్ళో ముప్పాతిక మంది అడిగితే కరిగిపోవాలి. అప్పుడు వదిన మాట దానంతటదే లేస్తుంది. ఎవరూ ఎక్కడా నిలబడక్కర్లేదు.

ఈ కట్టు నిలిస్తే నా గడి నిండి నేనే పండుతాను. ఈ సంగతి నాకు తట్టలేదని రాద్దామనుకున్నాను. తట్టింది.

చుట్టు 7207. చీకటి పూట.

చీకట్లో పైపని లేదు. ఆట సంగతులు రాస్తున్నాను.

కట్టు చెప్పాను. బాగా చెప్పాను. ఒక్కడి మొండితనానికి ఊరంతా బందీ కావడం ఏం న్యాయమన్నాను. గవ్వ నిన్నటిది, ఆకలి ఇవాళ్టిదన్నాను. నా మాటలకు నాకే కళ్ళు చెమ్మగిల్లాయి. ఆట నడిపే తాయారమ్మత్త మొదటి చర్చకు ఇవాళ, చేతులెత్తడానికి వచ్చే చుట్టు అని చెప్పింది.

దావీదు మొదట లేచాడు. “పదిమంది ఔనన్నదాన్ని ఒకడు కాదంటే ఆగాలంట. అట్టయితే పదిమందిని అడగడం ఎందుకు, ఆ ఒక్కణ్ణే అడిగి పడుకుంటే పోలా?”

తాయారమ్మత్త గవ్వలు తుడుస్తూ వింటోంది. “అడ్డు ఎందుకు పుట్టిందో ఎరుగుదువా దావీదూ? ఓడలో వచ్చేటప్పుడు పొద్దు పోక మొదలెట్టారు ఈ ఆట. గింజలొస్తయ్యని ఒకడు కట్టు తెచ్చాడు, చివరి అరలోవాళ్ళకి నీళ్ళు సగం చెయ్యాలని. ఆ అరలో ఉండేది ఒకటే కుటుంబం. అందరూ చెయ్యెత్తారు, ఆటే గదా అని. పిల్లికి చెలగాటం. ఆ ఇంట్లో పసిపిల్ల నాలుక పిడచగట్టింది. అప్పుడు పుట్టింది గవ్వ. మందికి బలం ఎట్టాగూ ఉంటది. గవ్వ ఒంటిమనిషి కోసం.”

“ఆ రోజులు వేరు అత్తా” అన్నాడు దావీదు.

“మనుషులు వాళ్ళేగా” అంది అత్త.

పైపని వంతులు వేసే సంపూర్ణ మధ్యేమార్గం చెప్పింది. వయసులో చిన్నది, నిదానంగా మాట్లాడుతుంది. “గవ్వ తియ్యొద్దు. కానీ కారణం కారణంలాగా ఉండాల. మొన్న బాబాయి చెప్పింది కారణమా, పరాచికమా?”

అందరూ నవ్వారు. గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకోకూడదని అందరికన్నా గట్టిగా నేను నవ్వాను. “అందుకేగా నా గవ్వకే ముందు ఎసరు పెడుతున్నా” అన్నాను.

అంతే, వంటశాల గుసగుసలతో నిండిపోయింది. తన అడ్డు తానే కరగాలని కోరే మనిషిని ఇప్పుడే చూస్తున్నామన్నారు. బయటికొస్తుంటే సంపూర్ణ నా చెయ్యి పట్టుకుని, “ఏమో అనుకున్నా బాబాయ్, నువ్వు గింజల కోసమే ఆడతావనుకున్నా” అంది. కళ్ళలో గౌరవం. తేలు కుట్టిన దొంగలాగా నిలబడ్డాను. దొంగకైనా కాస్త నయం, వాణ్ణి ఎవరూ పొగడరు.

బాజీ అన్న మాత్రం చర్చ అవగానే ఇంటికి వెళ్ళిపోయాడు.

చుట్టు 7208. చీకటి పూట.

చేతులు లేచాయి. సగం దాటడం కంటితోనే తెలిసిపోతోంది. తాయారమ్మత్త కూడా కాసేపు ఆలోచించి, ఎత్తలేదు కానీ తల పంకించింది. నేను నా గడి వైపు చూడకుండా ఉండడానికి పైకప్పు చూస్తున్నాను.

బట్ట మీద టక్కుమని చప్పుడైంది. బాజీ అన్న గవ్వ.

ఆయన ఎప్పుడూ గవ్వ పెట్టడు. ఏ ఆటలోనూ పెట్టలేదు. ఆట ముగియగానే ఎలా తీసుకున్నాడో అలాగే తిరిగి ఇచ్చేవాడు. దావీదు, “బాజన్నా, పొరపాటున జారిందా?” అన్నాడు.

అన్న లేచి నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఎందుకు పెట్టుకున్నాడో నాకూ వదినకూ మాత్రమే తెలుసు.

“అత్త చెప్పిన పసిపిల్ల మా అమ్మ” అన్నాడు. “మా అమ్మ చచ్చిందాకా కుండ నిండా నీళ్ళు పోసి మంచం కింద పెట్టుకునేది. మంది గలిసి ఒకడి గవ్వ తీసేసేటట్టయితే ఇంక గవ్వెందుకు? ఆ గవ్వ తప్పుదైనా సరే, ఏసినోడే తియ్యాల. పక్కోళ్ళు తీస్తే అది తీసినట్టు గాదు, లాక్కున్నట్టు.” “అంతే” అని కూర్చున్నాడు.

నా వైపు చూడలేదు. తనను లోపల కూర్చోబెట్టే ఒకే ఒక్క ఉపాయాన్ని తన చేత్తోనే ఆపేశాడు, ఉన్న ఒక్క గవ్వతో. సంపూర్ణ వంతుల పలక తీసి రేపటి జతలు చదివింది. బొజ్జ వైపు: షేక్ బాజీ, యలమంద.

చుట్టు 7209. వెలుగు పూట.

బొజ్జ కుట్టు తుడవలేదు. మాసికలు వేయలేదు.

దిగేచోట అన్న మళ్ళీ కూర్చున్నాడు. ఇవాళ చెమట అని చెప్పలేదు. వెన్నుతాడు చుట్టూ రెండు చేతులూ వేసి, ముసుగులో కళ్ళు మూసుకున్నాడు. పక్కనే కూర్చున్నాను. పులుపు సన్నగా పడుతోంది, తొడుగుల మీంచి కారిపోతోంది. కింద మబ్బు పసుపుపచ్చగా కదులుతోంది.

“ఆ కట్టు నా కోసమేగా తెచ్చావు” అన్నాడు.

“నీకెవురు చెప్పారు?”

“పచ్చడి మూడుసార్లు ఏపిచ్చుకున్నావంట. నీకు చిక్కుడాకు పచ్చడి పడదుగా.”

నాకు నవ్వు రాలేదు. ఎప్పుడూ నవ్వు వచ్చే మాటే. “అవునన్నా, నీకోసమే” అన్నాను.

“నా కోసం ఊరి కట్టు మొత్తం తిరగరాస్తానికి సిద్ధమయ్యావు. లేచి నిలబడి ఒక్క ముక్క చెప్తానికి ఏమొచ్చింది?”

“నామోషీగా ఉందన్నా.”

ఆయన తల ఊపాడు. కోపం వస్తుందనుకున్నాను. “నాకూ అదే గదా” అన్నాడు. “బయంతో ఎట్టాగో పడొచ్చు యలమందా. పైకొస్తన్నాగా. నాకు బయంగా ఉందని పైకిపోయే తలుపు కాడ నలుగురిలో అనటం ఉంది చూడు, అది నావల్ల గాదు. నా మీద నువ్వు చెప్పిన కత అందరికీ కంఠతా వచ్చు.”

ఆ కథ ఇంకెప్పుడూ చెప్పనని అన్నాను. చెప్పినా చెప్పకపోయినా ఇప్పుడు ఒకటేనన్నాడు. అది నిజం.

తిరిగి వీపు మీదికి ఎక్కడానికి ఆయనకు నా భుజం కావలసివచ్చింది. ఒక్కో అడుగూ నేను చెబుతుంటే వేశాడు. చిట్టాలో పని జరగలేదని నేను రాస్తున్నది ఇదే మొదటిసారి. సంపూర్ణ చూసి ఎందుకని అడిగితే పులుపు మందంగా ఉందని చెబుతానేమో. నాకు అబద్ధాలు త్వరగా తడతాయి.

చుట్టు 7210. చీకటి పూట.

తీశాను.

నేను లేచి నడుమకు పోతుంటేనే నవ్వడం మొదలుపెట్టారు. యలమంద లేచాడంటే ఏదో ఉంటుందిలే అని వెనకవాళ్ళు ముందుకు జరిగారు. గవ్వ వేళ్ళతో పట్టుకుని, “నా అడ్డు తప్పు” అన్నాను. పగలబడి నవ్వారు. దావీదు తొడ చరుచుకున్నాడు. “వదలబాకు, కొట్టు ఇంకోటి” అన్నాడు.

మళ్ళీ అన్నాను. కొందరు ఆగారు. మూడోసారి అనేసరికి గొంతు చిన్నపిల్లాడి గొంతులాగా కీచుగా వచ్చింది. దానికి ఒకరిద్దరు నవ్వి, పక్కవాళ్ళను చూసి మానేశారు. ఆ తరువాత వచ్చిన నిశ్శబ్దం కంటే నవ్వే నయం.

తాయారమ్మత్త అంది, “ఎందుకు పెట్టావో చెప్పాల యలమందా. కట్టు.”

అన్న పేరు చెప్పడానికి వీల్లేదు. అది చెబితే నా తప్పు సగం తగ్గేది, పాపం స్నేహితుడి కోసం దిగొచ్చాడనేవాళ్ళు. చెప్పలేదు. “మస్తాన్‌బీ వదిన పండకూడదని పెట్టా. నేను పండాలని. ఆమె అడిగిందేందో నేను ఆలోచించలా. బయపడేవాళ్ళని చూసి మిమ్మల్ని నవ్విచ్చా. మొన్న తెచ్చిన కట్టు కూడా ఊరి కోసం గాదు. ఇట్టా నిలబడకుండా తప్పిచ్చుకుందామని.”

సంపూర్ణ తల దించుకుంది. నన్ను చూడలేక దించుకుందని నాకు తెలుసు. మొన్న నా చెయ్యి పట్టుకున్న పిల్ల. నేను అందరి మొహాలూ చూడగలిగాను కానీ ఆ తల చూడలేకపోయాను.

గింజలు బుట్టలో పోశాను. ఎన్నేళ్ళ గింజలో. చప్పుడు చాలాసేపు వచ్చింది. గట్టు మీద కూర్చున్నాను. వదిన కట్టుకు చేతులు లేచాయి, నిలిచింది. గట్టు మీద ఉన్నవాడికి చెయ్యెత్తే హక్కు లేదు, నా చెయ్యి ఒళ్ళోనే ఉంది. అడ్డు తీసిన కట్టుకు గింజలు రావు. ఆమె పండవలసిన మనిషి, నా మూలాన పండలేదు. వెళ్ళేటప్పుడు నా ముందు ఆగి, “గింజలెవురిక్కావాల యలమందా” అంది. గట్టు మీద ఉన్నవాణ్ణి, బదులు చెప్పకూడదు.

చుట్టు 7211. వెలుగు పూట.

మా జత పైకి పోలేదు. ఇందులో రాయడానికి నాకు హక్కు కూడా లేదు. రేపటినుంచి ఈ చిట్టా బొజ్జ వైపు కొత్త జత చేతికి పోతుంది. కాబట్టి వాళ్ళు చదివితే చదవనీ.

కట్టు నిలిచింది గదా, అన్న ఇవాళ రాడనుకున్నాను. రెండు తలుపుల గది దగ్గర నాకంటే ముందే వచ్చి తొడుగు వేసుకుంటున్నాడు. చుట్టూ మరో మూడు జతలు. వదిన అన్నం గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె మొహంలో నెత్తురు లేదు.

సంపూర్ణ పలక చూసి చదివింది. “కొత్త కట్టు ప్రకారం అడగాల. పైకి పోడానికి బయంగా ఉందనేవాళ్ళు ఎవురన్నా ఉంటే ఇప్పుడు చెప్పండి.” నా వైపు చూడకుండా చదివింది.

ఒకడు దగ్గాడు. ఇంకొకడు నవ్వు దాచుకోవడానికి ముసుగు తొడుక్కున్నాడు. అన్న చేతితొడుగు పట్టీ బిగించుకుంటున్నాడు. అది రంధ్రంలో పడడం లేదు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ జారింది.

ఇంత చేసి తెచ్చిన కట్టు అక్కడ ఊరికే పడి ఉంది. అది నిలిచిందే కానీ దాన్ని మొదట వాడేవాడు నలుగురిలో ఆ మాట అనాలి, ఆ మాట ఆయన అనడు. చెప్పాడు కూడా, తనవల్ల కాదని. సంపూర్ణ పలక చంకన పెట్టుకుని తలుపు మీట మీద చెయ్యి వేసింది.

గట్టు మీద ఉన్నవాడు ఆటలో మాట్లాడకూడదు. ఇది ఆట కాదు, తలుపు గది.

“నాకు బయంగా ఉంది” అన్నాను.

అందరూ తిరిగారు. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. లేక నా చెవులకు వినబడలేదో. సంపూర్ణ “ఎందుకు బాబా...” అని, పెదవి కరుచుకుని ఆగిపోయింది. పలక మీద నా పేరు కొట్టేసింది. దానితో పాటు దాని పక్క పేరూ కొట్టేసింది. జతలో ఒకరు లోపలుంటే రెండోవాళ్ళూ లోపలే.

అన్న చేతితొడుగు ఊడదీసి, చేతులు ఒడిలో పెట్టుకుని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. వదిన అన్నం గిన్నె కింద పెట్టి మొహం అటు తిప్పుకుంది.

ఆ మాట అన్న కోసం అంటున్నాననే అనుకున్నాను. అనేదాకా అది నాకు అబద్ధమే. అనేశాక తొడుగు విప్పుకుందామని చూస్తే మెడ దగ్గర ముడి నాకు చేతకాలేదు. ఆ రోజు జతతాడు చివర అన్న వేలాడుతుంటే అవతలి కొసన ఉన్నది నేను. నా కాళ్ళ కిందా పొర జారుతూనే ఉంది. ఆ సంగతి నా కథలో ఎప్పుడూ చెప్పలేదు. అన్ననే ఈత కొట్టించాను.

ముడి అన్నే విప్పాడు.

ఇప్పుడు వంటశాలలో చిక్కుడుకాయల గంప ముందు కూర్చున్నాం. పైన వేరే జత నడుస్తుంటే తిత్తి మీద అడుగుల చప్పుడు సన్నగా వినబడుతోంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా ఇద్దరం తల దించుకుంటున్నాం. అటుగా వెళ్ళేవాళ్ళు మమ్మల్ని చూసీ చూడనట్టు పోతున్నారు. సిగ్గుగానే ఉంది. తీరిపోతుందనుకున్నాను, తీరలేదు.

అన్న చాలాసేపు ఒలిచి, తల ఎత్తకుండా అడిగాడు. “నిజంగా బయమేనా, నా కోసం అన్నావా?”

“ఎందుకని అడగగూడదన్నా” అన్నాను. “వదిన కట్టు.”

ఆయన ఇంకో గుప్పెడు కాయలు నా ముందుకు తోశాడు.